ఘాటు ఎక్కని బండి, దించనవసరం లేని ఇంజను

మూడు లక్షల కిలోమీటర్లు దాటిన డీజిల్ పికప్ బండి ఘాటు రోడ్డులో లాగడం లేదని ఎవరితో చెప్పుకున్నా, వినేవారు చెప్పే మందు ఒక్కటే. ఇంజను దించాలి, బోరు చేయించాలి (అంటే సిలిండర్ల లోపలి గోడను కోయించాలి), కొత్త పిస్టన్లూ, వాటి చుట్టూ సందును మూసే రింగులూ వేయించాలి. తిరుపతి నుంచి కిరాణా సరుకు, పశువుల దాణా ఎక్కించుకుని భాకరాపేట ఘాటు ఎక్కి, మదనపల్లె నుంచి టమోటాలతో దిగివచ్చే మా బండి విషయంలోనూ ఈ మాటే వినబడింది. ఘాటులో మూడో గేరుతో ఎక్కే చోట రెండో గేరు వేయాల్సివస్తోంది, వెనుక నల్లటి పొగ వస్తోంది, ఉదయం పూట సెల్ఫ్ చాలాసేపు కొడితే గానీ ఇంజను అందుకోవడం లేదు, బ్రీదర్ పైపు (ఇంజను లోపలి ఒత్తిడిని బయటికి వదిలే గొట్టం) నుంచి ఆవిరి లాంటి పొగ ఊదుతోంది, ఐడ్లింగ్‌లో (యాక్సిలరేటర్ తొక్కకుండా నిలిపి నడిపినప్పుడు) ఇంజను కొద్దిగా ఊగుతోంది. ఈ అయిదు లక్షణాలను కలిపి చెబితే ఎవరైనా రింగులు అరిగిపోయాయనే అంటారు. విడివిడిగా అడిగితే మాత్రం వీటికి నాలుగు వేర్వేరు కారణాలు బయటపడ్డాయి. ఆ వెతుకులాట ఏ వరుసలో సాగిందో, ఆ వరుస ఎందుకు ముఖ్యమో ఇక్కడ రాస్తున్నాను.

మాది ఎలక్ట్రానిక్ నియంత్రణ ఏదీ లేని, మెకానికల్ పంపుతో నడిచే నాలుగు సిలిండర్ల టర్బో (పొగ వాయువుతో తిరుగుతూ ఇంజనులోకి గాలిని నెట్టే పరికరం) డీజిల్ ఇంజను. స్కానర్ తగిలించి తప్పు సంఖ్య చదివే వీలు దీనికి లేదు. అందువల్ల పొగ రంగు, శబ్దం, పైపుల వేడి, ఆయిల్ మట్టం చూపే డిప్‌స్టిక్ మీద గీత వంటివే సాక్ష్యాలు. ఈ సాక్ష్యాలను చదవడానికి నేను పెట్టుకున్న ప్రశ్న ఒక్కటే: ఈ లక్షణం ఎప్పటి నుంచి ఉంది? రింగులు, లైనర్లు, బేరింగులు సంవత్సరాల తరబడి అరుగుతాయి. నిరుడు ఎక్కిన ఘాటును ఈ ఏడాది కొంచెం కష్టంగా ఎక్కితే అది అరుగుదల కావచ్చు. పోయిన వారం మూడో గేరుతో ఎక్కిన ఘాటును ఈ వారం రెండో గేరుతో ఎక్కాల్సివస్తే అది అరుగుదల కాదు, ఏదో ఒకటి చిరిగింది, వదులైంది, లేదా మూసుకుపోయింది. పాత బండిలో ఈ రెండు రకాల మార్పులూ ఒకేసారి కనిపిస్తాయి కాబట్టే అన్నింటినీ వయసు ఖాతాలో వేసేస్తారు.

ముందుగా ఇంజనుకు సంబంధం లేనివాటిని పక్కన పెట్టాలి. ఎక్కుడులో ఇంజను శబ్దం పెరుగుతూ బండి వేగం పెరగకపోతే అది క్లచ్ జారడం. కొంత దూరం నడిపి ఆపిన తరువాత ఒక చక్రం డ్రమ్ము మిగతావాటికంటే బాగా వేడిగా ఉంటే అది బ్రేకు పట్టేయడం. ఈ రెండూ చూడడానికి పానా కూడా అవసరం లేదు. ఇవి పోగా "ఎత్తుకు పోతే గాలి పలచన, బండి అంతే లాగుతుంది" అని సర్దిచెప్పే పెద్దలు కొందరుంటారు. తిరుపతి సముద్రమట్టానికి సుమారు 160 మీటర్ల ఎత్తులో ఉంటే మదనపల్లె సుమారు 700 మీటర్ల ఎత్తులో ఉంది. ఈ తేడాకు గాలి ఒత్తిడి తగ్గేది ఆరు శాతం మేరకే. పైగా టర్బో ఉన్న ఇంజను ఆ లోటును చాలావరకు పూడ్చుకుంటుంది. ఘాటు నిరుడూ అంతే ఎత్తు ఉంది కాబట్టి నేరాన్ని కొండ మీద మోపడం కుదరదు.

పొగ దగ్గర కొంచెం ఆగాలి. ఇలాంటి పాత డీజిల్ ఇంజను లోపలికి తీసుకునే గాలికి పెట్రోలు ఇంజనులో ఉన్నట్టు అడ్డు తలుపు ఉండదు. యాక్సిలరేటర్ తొక్కితే పెరిగేది డీజిల్ మోతాదు మాత్రమే. అందువల్ల నల్లటి పొగ అంటే వెళ్లిన డీజిల్‌కు సరిపడా గాలి అందలేదని అర్థం. నీలం పొగ అయితే ఇంజన్ ఆయిల్ మండుతోంది. తెల్లటి పొగ అయితే డీజిల్ మండకుండానే ఆవిరై బయటికి వస్తోంది, లేదా నీళ్లు సిలిండర్‌లోకి చేరుతున్నాయి. రింగులు అరిగిన ఇంజను ప్రధానంగా నీలం పొగ వదలాలి. మా బండి వదిలేది నల్లటి పొగ, అది కూడా లోడు మీద ఎక్కేటప్పుడే. కాబట్టి మొదటి అనుమానం గాలి మార్గం మీదికే పోవాలి. గాలి తక్కువ కావడానికి ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోవడం ఒక కారణం. మన రోడ్ల ధూళికి, అందులోనూ మామిడి కాలంలో తోటల మట్టిదారుల్లో తిరిగే బండికి, ఫిల్టర్‌ను కంపెనీ చెప్పిన గడువు వరకు ఉంచడం మంచిది కాదు. ఫిల్టర్ మార్చినా మా బండి తీరు మారలేదు.

రెండో కారణం టర్బోకూ ఇంజనుకూ మధ్య ఉన్న రబ్బరు హోస్ పైపులు. టర్బో ఒత్తిడితో నెట్టిన గాలి ఈ పైపుల గుండా గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్‌కూ, అక్కడి నుంచి ఇంజనుకూ చేరుతుంది. వీటిలో చిన్న చీలిక ఉన్నా ఐడ్లింగ్‌లో తెలియదు, ఎందుకంటే అప్పుడు ఒత్తిడే ఉండదు. లోడు మీద ఒత్తిడి పెరిగినప్పుడు చీలిక తెరుచుకుని గాలి బయటికి పోతుంది, పంపు మాత్రం డీజిల్‌ను ఎప్పటిలాగే పంపుతుంది, మిగిలిన డీజిల్ మసిగా మారుతుంది. (కొన్ని పంపులకు గాలి ఒత్తిడి తగ్గితే డీజిల్ మోతాదును తగ్గించే డయాఫ్రమ్ ఉంటుంది. అలాంటి బండ్లలో పొగ తక్కువగా, నీరసం ఎక్కువగా కనిపిస్తుంది కాబట్టి పొగ లేదు గనుక హోస్ బాగుందని అనుకోరాదు.) పైపును చూపుతో పరీక్షించడం చాలదు. చీలిక చాలాసార్లు క్లాంపు కింద, కంటికి కనబడని వైపున ఉంటుంది. ఆటోనగర్‌లో మా బండి చూసే మేస్త్రి చేసిన పని నాకు నచ్చింది. టర్బో గాలి పీల్చే మూతికి సరిపడే బిరడా ఒకటి తయారుచేసి, దానికి ట్యూబు వాల్వు బిగించి, పంక్చరు షాపు కంప్రెసర్ నుంచి కొద్దిపాటి ఒత్తిడితో గాలి నింపి, పైపుల మీద సబ్బునీళ్లు చల్లాడు. ఇంటర్‌కూలర్ దగ్గరి క్లాంపు వెనుక నురగ పొంగింది.

"సూడు సామీ, నీ ఇంజను ఈడుండాది," అని వేలితో చూపించాడు. "దీనికి బోరు చేయమన్నోళ్లెవురు?"

"ఎవరో ఒకరు లేన్నా, పేర్లెందుకు," అన్నాను.

హోస్ మార్చిన రోజునే ఘాటులో మూడో గేరు తిరిగి వచ్చింది. దీన్ని అంకెతో కూడా సరిచూసుకునే మార్గం ఉంది. డీజిల్ బండ్లకు పొల్యూషన్ సర్టిఫికెట్ ఇచ్చేటప్పుడు బండిని నిలిపి ఉంచి యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి, పొగ ఎంత వెలుతురును అడ్డుకుంటుందో కొలుస్తారు. బీఎస్-4 అనే కాలుష్య ప్రమాణానికి ముందటి డీజిల్ బండ్లకు ఈ కొలతలో 65 హార్ట్‌రిడ్జ్ యూనిట్ల వరకు, బీఎస్-4 బండ్లకు 50 వరకు అనుమతి. సర్టిఫికెట్ వచ్చిందా లేదా అన్నదానితో ఆగిపోకుండా కాగితం మీద అచ్చయిన అంకెను ప్రతిసారీ రాసిపెట్టుకుంటే, అది ఇంజను ఆరోగ్యానికి నమ్మదగిన చరిత్ర అవుతుంది. మా బండి అంకె హోస్ మార్చడానికి ముందు 61, తరువాత 38. లోడు లేకుండా తీసే కొలత కాబట్టి ఘాటులో కనిపించినంత తేడా ఇందులో కనబడదు గానీ, ఎటు వైపు కదిలిందన్నది తెలుస్తుంది.

ఉదయం పూట స్టార్టు కాకపోవడం వేరే కథ. దీనికి చలిలో సిలిండర్‌ను వేడిచేసే హీటరు ప్లగ్గుల మీద అనుమానం పడడం సహజమే. అయితే డీజిల్‌ను నేరుగా సిలిండర్‌లోకి చిమ్మే ఇంజనుకు తిరుపతి చలికి హీటరుతో పెద్దగా పని ఉండదు. పైగా వేసవిలోనూ ఉదయం ఇదే ఇబ్బంది ఉంది. రాత్రంతా నిలిపిన తరువాతే ఇబ్బంది, మధ్యాహ్నం గంటసేపు ఆపి తీస్తే ఏమీ లేదు. అంటే చలి వల్ల కాదు, నిలిపి ఉంచిన కాలం వల్ల. రాత్రంతా పైపులోని డీజిల్ నెమ్మదిగా ట్యాంకుకు జారిపోయి, ఆ ఖాళీలోకి గాలి చేరుతోందన్నమాట. ట్యాంకు నుంచి, డీజిల్‌ను లాగే ఫీడ్ పంపు వరకు ఉన్న మార్గంలో డీజిల్ పీల్చబడుతుందే తప్ప నెట్టబడదు. ఆ మార్గంలో సందు ఉంటే డీజిల్ బయటికి కారదు, గాలి లోపలికి పోతుంది. అందుకే కింద తడి లేదు కదా అని ధైర్యపడడానికి వీల్లేదు.

దీన్ని పట్టుకోవడానికి ఖరీదైన పరికరమేదీ అక్కరలేదు. ఫిల్టర్‌కు ముందు జానెడు పారదర్శక పైపు ముక్క తగిలించి ఇంజను నడిపితే బుడగలు కనబడతాయి. బుడగలు కనబడితే మూలం ఎక్కడో తేల్చడానికి, ట్యాంకును పూర్తిగా పక్కనబెట్టి, శుభ్రమైన డబ్బా నుంచి డీజిల్ ఇవ్వాలి. అప్పుడు బుడగలు ఆగితే లోపం ట్యాంకు వైపున, ఆగకపోతే ఫీడ్ పంపు వైపున ఉన్నట్టు. మా బండిలో బుడగలు ఆగలేదు. ఫీడ్ పంపు దగ్గరి బాంజో బోల్టుకు (లోపలి రంధ్రం గుండా డీజిల్ పారే బోల్టు) ఉన్న రాగి వాషర్లను ఎవరో విప్పిన ప్రతిసారీ పాతవాటినే తిరిగి వేస్తూ వచ్చారు. ఒకసారి నలిగిన రాగి వాషర్ రెండోసారి సరిగా అతకదు. ఎర్రగా కాల్చి చల్లార్చితే మెత్తబడి మళ్లీ పనికివస్తుందని పాత మేస్త్రులు అంటారు, అది నిజమే, కానీ పది రూపాయల వస్తువుకు అంత కష్టం ఎందుకో నాకు అర్థం కాదు. డీజిల్ ఎక్కించడానికి చేతితో కొట్టే ప్రైమర్ కూడా లోపలి వాల్వు పట్టు తప్పి ఉంది. రెండూ మార్చాక ఉదయం సెల్ఫ్ ఒక్క తిరుగుడుకే ఇంజను అందుకుంది. ఆ పనిలోనే ట్యాంకు అడుగున ఉన్న జల్లెడ తీసి చూస్తే గోనె పీచు, బంకమట్టి పేరుకుని ఉన్నాయి. అది ఇంకా బండిని ఆపలేదు గానీ ఆపే దారిలోనే ఉంది.

ఐడ్లింగ్‌లో ఇంజను కొద్దిగా ఊగడం మాత్రం మిగిలింది. ఇది నిన్నా మొన్నా వచ్చింది కాదు. చాలా నెలలుగా నెమ్మదిగా పెరుగుతూ వచ్చిన లక్షణం, కాబట్టి ఇక్కడ నిజంగానే అరుగుదలను అనుమానించాలి. ముందు తేల్చాల్సింది నాలుగు సిలిండర్లలో ఏది సరిగా పనిచేయడం లేదన్నది. మెకానికల్ పంపు ఉన్న ఇంజనులో దీనికి పాత పద్ధతి ఒకటి ఉంది. ఐడ్లింగ్‌లో ఒక్కొక్క ఇంజెక్టర్‌కు వెళ్లే పైపు నట్టును కొద్దిగా వదులు చేస్తే ఆ సిలిండర్‌కు డీజిల్ అందదు. బాగున్న సిలిండర్ నట్టు వదిలితే ఇంజను వెంటనే తడబడుతుంది. నీరసంగా ఉన్న సిలిండర్ నట్టు వదిలితే తేడా ఏమీ వినబడదు. మా బండిలో మూడో సిలిండర్ అలా మౌనంగా ఉండిపోయింది.

ఇక్కడ ఒక హెచ్చరిక తప్పనిసరి. ఇలాంటి పాత ఇంజనులో కూడా నాజిల్ (ఇంజెక్టర్‌లో డీజిల్ చిమ్మే మూతి) తెరుచుకునే ఒత్తిడి సుమారు 200 బార్, అంటే మామూలు గాలి ఒత్తిడికి దాదాపు 200 రెట్లు ఉంటుంది. సన్నటి ధారగా వచ్చే డీజిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోగలదు, పైకి సూది గుచ్చినంత గాయమే కనబడినా వెంటనే శస్త్రచికిత్స అవసరమయ్యే ప్రమాదం అది. గుడ్డ కప్పి, చేతిని దూరంగా ఉంచి, పొడవు పానాతోనే నట్టు తాకాలి. ఎలక్ట్రానిక్ నియంత్రణతో నడిచే కామన్ రైల్ ఇంజనుల్లో ఒత్తిడి వెయ్యి బార్ దాటిపోతుంది. వాటి జోలికి ఈ పద్ధతితో ఎప్పుడూ వెళ్లకూడదు, వాటికి స్కానర్ ఉంది.

మూడో సిలిండర్ నీరసానికి నాజిల్ కారణమా, సిలిండరే కారణమా? ఒకటో సిలిండర్ ఇంజెక్టర్‌ను మూడో దానికీ, మూడో దాన్ని ఒకటో దానికీ మార్చి మళ్లీ నట్లు వదులు చేసి చూడడమే దీనికి సమాధానం. నీరసం ఇంజెక్టర్‌తో పాటు ఒకటో సిలిండర్‌కు వెళితే నాజిల్ చెడినట్టు, మూడో దానిలోనే ఉండిపోతే సిలిండర్ చెడినట్టు. చాలామంది ఈ మార్పిడి చేయకుండా నాలుగు నాజిళ్లూ కొత్తవి వేయించేస్తారు. వేయించాక ఊగుడు తగ్గకపోతే పంపు కాలిబ్రేషన్ అంటారు, అదీ అయ్యాక ఇంజను దించాలంటారు. ఒకదాని తరువాత ఒకటి కొత్తది బిగిస్తూ పోవడాన్ని పరీక్ష అనలేం, ఎందుకంటే చివరికి బండి బాగుపడినా ఏది బాగుచేసిందో తెలియదు. మా బండిలో నీరసం మూడో సిలిండర్‌లోనే నిలబడింది.

అప్పుడు కంప్రెషన్ కొలవాల్సిన సమయం వచ్చింది. డీజిల్ ఇంజనులో నిప్పు రవ్వ ఉండదు, గాలిని బాగా నొక్కితే పుట్టే వేడికే డీజిల్ అంటుకుంటుంది, కాబట్టి కంప్రెషనే దానికి ప్రాణం. కొలిచే పద్ధతిలో అజాగ్రత్త ఉంటే అంకెలు అబద్ధం చెబుతాయి. ఇంజను వేడెక్కి ఉండాలి, బ్యాటరీ నిండుగా ఉండాలి, నాలుగు ఇంజెక్టర్లూ తీసి ఉండాలి, డీజిల్ మార్గం ఆపి ఉండాలి. పెట్రోలు ఇంజనులకు వాడే గేజు ఇక్కడ పనికిరాదు, దాని ముల్లు ఒక్క దెబ్బకే చివరికి పోయి పాడవుతుంది. వచ్చిన అంకెల్లో ఎక్కువ తక్కువలకంటే సిలిండర్ల మధ్య తేడాయే ముఖ్యం. నాలుగూ సమానంగా కొద్దిగా తగ్గి ఉంటే అది వయసు. మూడు సమానంగా ఉండి ఒకటి పడిపోతే ఆ ఒక్కదానికి ప్రత్యేకమైన కారణం ఉంటుంది. మా బండిలో మిగతా మూడు సిలిండర్లు 24, 25 బార్ల దగ్గర ఉన్నాయి, మూడోది మాత్రం 19 చూపించింది.

పెట్రోలు ఇంజనులో ఇలాంటప్పుడు సిలిండర్‌లో కాస్త ఆయిల్ పోసి మళ్లీ కొలుస్తారు. కంప్రెషన్ పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులు అని తీర్పు చెబుతారు. డీజిల్ ఇంజనులో ఈ చిట్కాను నేను నమ్మను. పిస్టన్ పైకి వచ్చినప్పుడు మిగిలే చోటు అతి తక్కువ కాబట్టి పోసిన ఆయిల్ ఆ చోటునే ఆక్రమించి అంకెను తప్పుగా పెంచుతుంది. మరీ ఎక్కువ పోస్తే నొక్కుడుపడని ద్రవం కనెక్టింగ్ రాడ్‌ను వంచే ప్రమాదం కూడా ఉంది. దానికి బదులు పిస్టన్‌ను పై చివరన, రెండు వాల్వులూ మూసుకుని ఉండే స్థితిలో నిలిపి, గేరు వేసి చక్రాలకు అడ్డం పెట్టి, సిలిండర్‌లోకి కంప్రెసర్ గాలి పంపి ఎక్కడి నుంచి బుస్సుమంటుందో వినడం మేలు. ఆయిల్ పోసే మూతి నుంచి వినబడితే రింగులు, సైలెన్సర్ నుంచి వినబడితే ఎగ్జాస్టు వాల్వు, ఎయిర్ ఫిల్టర్ వైపు నుంచి అయితే ఇన్‌లెట్ వాల్వు, రేడియేటర్‌లో బుడగలు వస్తే హెడ్ గాస్కెట్ (సిలిండర్లకూ వాటి పై మూత అయిన హెడ్‌కూ మధ్య పెట్టే అతుకు). మేస్త్రి గాలి వదలగానే సైలెన్సర్ గొట్టం దగ్గర చెవి పెట్టిన కుర్రవాడు "ఈడన్నా, ఈడ ఊదతా ఉండాది" అని అరిచాడు.

ఎగ్జాస్టు వాల్వు మూసుకోవడం లేదంటే హెడ్ విప్పాల్సిందేనని అనిపిస్తుంది. విప్పడానికి ముందు టాపెట్ గ్యాపు (వాల్వు కాడకూ దాన్ని నొక్కే భాగానికీ మధ్య సందు) చూడాలి. వాల్వు కవరు తీసి, సన్నటి పత్తాలతో సందును కొలిచే ఫీలర్ గేజు పెడితే మూడో ఎగ్జాస్టు వాల్వు దగ్గర అతి సన్నటి పత్తా కూడా దూరలేదు. లక్షల కిలోమీటర్ల పాటు కొట్టుకున్న వాల్వు తన సీటులోకి కొద్దికొద్దిగా దిగబడుతుంది. అది దిగిన కొద్దీ దాని కాడ పైకి జరుగుతుంది, గ్యాపు తరుగుతుంది, చివరికి వాల్వు పూర్తిగా మూసుకోలేని స్థితి వస్తుంది. మూసుకోని సందు గుండా మండుతున్న వాయువు దూసుకుపోతే వాల్వు అంచు కాలిపోతుంది. ఇందులోని ఇబ్బంది ఏమిటంటే, గ్యాపు పెరిగిన టాపెట్ టకటకమని అందరినీ పిలుస్తుంది, గ్యాపు తగ్గిన టాపెట్ ఏ శబ్దమూ చేయదు. ఇంజను చాలా మెత్తగా నడుస్తోందని డ్రైవరు సంతోషించే రోజుల్లోనే వాల్వు కాలిపోతూ ఉంటుంది. కాబట్టి పాత డీజిల్ ఇంజనులో శబ్దం చేసే టాపెట్‌కంటే శబ్దం మానేసిన టాపెట్‌కే నేను ఎక్కువగా భయపడతాను. మా అదృష్టం, వాల్వు అంచు ఇంకా పూర్తిగా కాలలేదు. గ్యాపు కంపెనీ చెప్పిన కొలతకు తెచ్చి, కొంత దూరం నడిపి మళ్లీ కొలిస్తే మూడో సిలిండర్ 23 బార్లకు వచ్చింది. ఐడ్లింగ్ ఊగుడు దాదాపు పోయింది.

ఇక మిగిలింది బ్రీదర్. బోరు చేయించాలనే వాదనకు అసలు ఆధారం ఇదే కాబట్టి దీన్ని తేలికగా వదలడానికి లేదు. రింగులు అరిగితే మండిన వాయువు పిస్టన్ పక్క నుంచి కిందికి దిగి, ఆయిల్ ఛాంబర్‌లో ఒత్తిడి పెంచి, బ్రీదర్ నుంచి బయటికి ఊదుతుంది. అందరూ చేసే పరీక్ష, నడుస్తున్న ఇంజనుకు ఆయిల్ పోసే మూత విప్పి తలకిందులుగా పెట్టి, అది ఎగిరిపడుతుందా అని చూడడం. మూత కాస్త ఆడడం పాత ఇంజనుకు సహజమే, ఎగిరిపడితే మాత్రం ఒత్తిడి ఎక్కువే. అయితే ఆ ఒత్తిడి రింగుల నుంచే వస్తోందని మూత చెప్పదు. ఆయిల్ ఛాంబర్‌లోకి గాలి చేరే దారులు ఇంకో రెండు ఉన్నాయి. టర్బో షాఫ్టు అరిగితే ఒత్తిడిలో ఉన్న వాయువు టర్బో నుంచి ఆయిల్ తిరిగి వచ్చే గొట్టం గుండా కిందికి దిగుతుంది. రెండోది బ్రేకుల కోసం డైనమో వెనుక బిగించిన వాక్యూమ్ పంపు. అది బ్రేకు బూస్టర్ నుంచి పీల్చిన గాలిని ఆయిల్‌తో కలిపి ఇంజను లోపలికే వదులుతుంది. బూస్టర్‌కు వెళ్లే హోస్ ఎక్కడైనా చిట్లి ఉంటే పంపు ఆగకుండా బయటి గాలిని పీల్చి ఇంజనులోకి నెడుతూనే ఉంటుంది. అప్పుడు రింగులు బాగున్నా బ్రీదర్ ఊదుతుంది.

టర్బోను పరీక్షించడం సులభం. ఇంజను చల్లారాక గాలి పైపు విప్పి షాఫ్టును వేళ్లతో కదిలిస్తే పక్కలకు కొద్దిగా ఆడడం తప్పు కాదు, ఎందుకంటే అది నిలబడేది పలచటి ఆయిల్ పొర మీదే. ముందుకూ వెనక్కూ ఆడకూడదు, రెక్కలు గోడకు తాకిన గుర్తు ఉండకూడదు. నిమిషానికి లక్ష చుట్లు దాటే వస్తువు అది. మాది ఈ పరీక్షలో నెగ్గింది. వాక్యూమ్ పంపు పరీక్ష ఇంకా సులభం. బండి కదలకుండా కట్టుదిట్టం చేసుకుని, ఐడ్లింగ్‌లో బూస్టర్ హోస్‌ను పంపు దగ్గరే మడిచి గట్టిగా పట్టుకుంటే చాలు, పంపు పీల్చే గాలి ఆగిపోతుంది. మేస్త్రి అలా పట్టుకోగానే బ్రీదర్ ఊదుడు కంటికి తెలిసేటంతగా తగ్గింది. హోస్ వదిలితే మళ్లీ పెరిగింది. ఛాసిస్ మూల దగ్గర ఆ హోస్ రాపిడికి అరిగి చిట్లి ఉంది. బ్రేకు పెడలు ఈ మధ్య కాస్త గట్టిగా ఉంటోందని డ్రైవరు చెప్పిన మాట ఎవరూ ఇంజనుతో ముడిపెట్టలేదు. నిజానికి ఆలోచించాల్సింది బ్రీదర్ గురించి కాదు, లోడుతో ఘాటు దిగే బండికి బ్రేకు సాయం తగ్గుతోందన్న దాని గురించి. హోస్ మార్చాక బ్రీదర్ నుంచి వచ్చేది పాత ఇంజనుకు తగినంతే ఉంది.

నీళ్ల సంగతి క్లుప్తంగా చెబుతాను, మా బండిలో అది సమస్య కాలేదు గనుక. మన వైపు లోతైన బోర్ల నుంచి వచ్చే నీళ్లు చాలాచోట్ల కఠినమైనవి. రేడియేటర్‌లో ఆ నీళ్లే పోస్తూ పోతే సన్నటి గొట్టాల లోపల తెల్లటి పొర కట్టి వేడి బయటికి పోవడం తగ్గుతుంది. కూలెంట్ కొనడానికి వెనకాడేవారు కనీసం శుద్ధి చేసిన నీళ్లయినా వాడాలి. రేడియేటర్ మూత కూడా చిన్న విషయం కాదు. అది సుమారు ఒక బార్ అదనపు ఒత్తిడిని నిలిపి ఉంచడం వల్లే నీళ్లు 100 డిగ్రీల దగ్గర కాక 120 డిగ్రీల దగ్గర మరుగుతాయి. మూత స్ప్రింగు వదులైన బండి మొగిలి ఘాటులో పొంగితే దాన్ని చూసి హెడ్ గాస్కెట్ పోయిందనుకునేవారు ఎందరో ఉన్నారు. గాస్కెట్ నిజంగా పోతే, చల్లటి ఇంజను తీసిన కొద్ది నిమిషాల్లోనే, నీళ్లు ఇంకా వేడెక్కకముందే, రేడియేటర్ పై హోస్ గట్టిపడుతుంది. మా బండిలో అది మెత్తగానే ఉంది.

ఆయిల్ విషయంలో నల్లగా మారిందని భయపడే అవసరం లేదు, డీజిల్ ఇంజనులో కొత్త ఆయిల్ కొద్ది దూరానికే నల్లబడుతుంది. పాలలా తెల్లబడితే నీళ్లు కలిశాయి. డిప్‌స్టిక్ మీద గీత తగ్గకుండా పెరుగుతూ వస్తే, వాసన చూస్తే డీజిల్ వాసన వస్తే, ఎక్కడో పంపు సీలు గుండా డీజిల్ కిందికి దిగుతోంది. అది బేరింగులకు చేటు. మా బండి తాగే ఆయిల్‌ను సమతలం మీద నిలిపి, ఒకే పద్ధతిలో కొలుస్తూ వచ్చాను. వెయ్యి కిలోమీటర్లకు పావు లీటరు దాటడం లేదు. ఈ వయసు ఇంజనుకు దాన్ని ఫిర్యాదుగా చెప్పలేం.

ఇంజను నిజంగా దించాల్సిన రోజు రాదని నేను అనడం లేదు. వెయ్యి కిలోమీటర్లకు లీటరు ఆయిల్ తాగుతూ, టర్బో పైపులు పొడిగా ఉండి కూడా నీలం పొగ వస్తే, నాలుగు సిలిండర్ల కంప్రెషనూ కంపెనీ చెప్పిన కనిష్ఠానికి దిగజారితే, వేడి ఇంజను ఐడ్లింగ్‌లో ఆయిల్ లైటు మిణుకుమంటే, లోడు మీద కింది భాగం నుంచి బరువైన దెబ్బ శబ్దం వస్తే, అప్పుడు బోరు మాట ఎత్తాలి. చివరి రెండూ కనిపించినప్పుడు ఇంకా నడిపితే క్రాంకు కూడా పోతుంది కాబట్టి పరీక్షల పేరుతో కాలయాపన చేయకూడదు.

మా బండికి దగ్గరలో ఉన్న పెద్ద పని మూడో ఎగ్జాస్టు వాల్వు సీటు. అది హెడ్ వరకే పరిమితమైన పని, హెడ్ మాత్రం విప్పి సీట్లు మార్పిస్తే చాలు. ఎప్పుడు విప్పాలన్నది కూడా ఊహతో కాక కొలతతోనే తేల్చవచ్చు. గ్యాపు సరిచేసిన రోజున ఓడోమీటరు అంకెను డైరీలో రాసుకుని, అయిదు వేల కిలోమీటర్ల తరువాత మళ్లీ ఫీలర్ గేజు పెట్టించాను. మూడో వాల్వు గ్యాపు మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు తగ్గింది, మిగతావి కదలలేదు. ఇదే లెక్కన అది వచ్చే మామిడి కాలం దాటేవరకు మూసుకుపోదు, మధ్యలో ఒకసారి సరిచేయిస్తే ఇంకా కొంత గడువు దొరుకుతుంది. కాయల లోడ్లు అయ్యాక, ఆటోనగర్‌లో పని రద్దీ తగ్గే సమయం చూసి హెడ్ దించుదామని మేస్త్రితో మాట అయింది.